తుపాను నెలల ముందు: ఫిట్లు వచ్చే చిన్న కుక్క ఉన్న ఇంటికి జాగ్రత్తలు

ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో తుపానూ దీపావళీ ఇంచుమించు ఒకేసారి వస్తాయి. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులో వచ్చినవే. తిత్లీ తర్వాత చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు, చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి. మూర్ఛ ఉన్న పామెరేనియన్‌కో పగ్‌కో ఆ రోజుల్లో టపాకాయల మోత కన్నా మాత్రలు అయిపోవడం పెద్ద గండం. ఫిట్లకి రోజూ వేసే మందు ఫినోబార్బిటోన్ ఉన్నట్టుండి ఆపేస్తే ఫిట్లు ముందుకన్నా గట్టిగా, ఒకదాని వెంట ఒకటి రావచ్చు.

అందుకని సెప్టెంబరులోనే కనీసం మూడు వారాలకి సరిపడా మందు తెచ్చి తడి తగలని డబ్బాలో పెట్టండి. చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వరు. బ్రాండు పేరుతో పాటు మందు అసలు పేరు, మిల్లీగ్రాములు, కుక్క బరువు కూడా చీటీ మీద రాయించుకోండి. ఆంధ్రా-ఒడిశా సరిహద్దుకి అటు దొరికే బ్రాండు ఇటు దొరక్కపోవచ్చు.

చిన్న కుక్కకి మోతాదే అసలు చిక్కు. ఫినోబార్బిటోన్ మామూలుగా కిలోకి 2 నుంచి 3 మి.గ్రా. చొప్పున 12 గంటలకోసారి మొదలుపెడతారు. 3 కిలోల కుక్కకి 30 మి.గ్రా. మాత్రలో పావు వంతు, అంటే 7.5 మి.గ్రా. చాకుతో కోస్తే ఒక పావు లావుగా, ఇంకోటి పొడిపొడిగా వస్తుంది. పెద్ద కుక్కకి ఆ తేడా లెక్కలోకి రాదు గానీ దీనికి వస్తుంది. మందుల షాపులో దొరికే మాత్రలు కోసే డబ్బా కొనుక్కోండి. బరువు కూడా మనిషి ఎత్తుకుని మిషనెక్కి తీసేస్తే సరిపోదు. కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ కాటా మీద బుట్టలో కూర్చోబెట్టి తూయండి. ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసి, తర్వాతది మామూలు వేళకే వేయండి. రెండూ కలిపి మాత్రం వేయకూడదు. పొటాషియం బ్రోమైడ్ అనే మూర్ఛ మందు వాడుతుంటే ఇంకో మాట: ఉప్పు హఠాత్తుగా ఎక్కువైతే ఆ మందు మూత్రంలో పోయి రక్తంలో తగ్గిపోతుంది. తుపాను రోజుల్లో కూరగాయలు దొరకలేదని ఎండుచేపల పులుసన్నం పెట్టకండి.

ఇక ఫిట్ వచ్చినప్పుడు. కుక్క పక్కకి పడిపోతుంది, కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, తర్వాత ఈత కొట్టినట్టు ఆడిస్తుంది. దవడ టకటకలాడి నురగ కారుతుంది, మూత్రం, ఒక్కోసారి దొడ్డికి కూడా పోతుంది. ఎక్కువగా ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది. ఒక్కో కుక్కకి ఒళ్లంతా రాదు. ఒక పక్క బుగ్గ అదరడం, ఒక కాలు కొట్టుకోవడం, లేని ఈగని కొరుకుతున్నట్టు గాలిలో నోరాడించడం కూడా ఫిట్ కావచ్చు.

ముందు గడియారం చూడండి. ఆ కంగారులో అర నిమిషం పది నిమిషాల్లా తోస్తుంది, చికిత్స అంతా ఆ లెక్క మీదే ఉంది. మంచం అంచునో మెట్ల దగ్గరో ఉంటే కింద దుప్పటి పట్టుకుని ఇవతలకి లాగండి. కదలకుండా అదిమి పట్టుకోవద్దు. లైటు, టీవీ ఆపేయండి. నోట్లో వేలు, చెంచా పెట్టకండి. కుక్క నాలుక మింగదు, మీ వేలు మాత్రం తెగుతుంది. తాళాల గుత్తి పట్టించడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్లు పోయడం ఏదీ వద్దు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ఫిట్ తగ్గినా న్యుమోనియా పట్టుకుంటుంది. ఇంకొకరు ఉంటే ముఖం, కాళ్లు రెండూ కనబడేలా ఫోన్లో వీడియో తీయమనండి.

5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండు వచ్చినా, మధ్యలో తెలివి రాకుండా మళ్లీ మొదలైనా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. రోడ్లు మూసుకుపోయే ఊళ్లవాళ్లు డాక్టరునడిగి ఫిట్‌ని ఆపే డయాజెపామ్ మందు ఇంట్లో ఉంచుకోవాలి. మలద్వారం గుండా కిలోకి 1 నుంచి 2 మి.గ్రా. ఇస్తారు. 10 మి.గ్రా., 2 మి.లీ. ఆంప్యూల్‌లో నుంచి మీ కుక్కకి ఎన్ని మి.లీ. అన్నది డాక్టరు చేతే రాయించుకోండి. సూది తీసేసి సిరంజి మొనకి నూనె రాసి ఎక్కించాలి. ముందే సిరంజిలో నింపి దాచకండి, ప్లాస్టిక్ ఆ మందుని పీల్చుకుంటుంది. పశువుల అంబులెన్సు నంబరు 1962కి ఫోన్ చేసి చూడొచ్చు గానీ, అర్ధరాత్రి గాలివానలో బండి వస్తుందని దాని మీదే ఆధారపడకండి.

సాగిన ఫిట్‌లో ఒళ్లు కాలిపోతుంది. ఆగగానే థర్మామీటరు పెట్టండి; మామూలుగా 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ ఉంటుంది. 105 చేరితే మామూలు నీళ్లతో పొట్ట, పాదాలు తడిపి విసరండి. ఐసు వద్దు. 103కి దిగాక తడపడం ఆపండి, లేకపోతే మరీ చల్లబడిపోతుంది. ఆ తర్వాత కాసేపు, ఒక్కోసారి గంటల తరబడి, కళ్లు కనబడనట్టు గోడలకి తగులుతూ తిరుగుతుంది, మిమ్మల్ని గుర్తుపట్టక కరవొచ్చు. పిల్లల్ని దూరంగా ఉంచండి. సూటిగా నడవగలిగాకే నీళ్లు, తిండి.

మూడు నాలుగు నెలల లోపు బుజ్జి జాతి పిల్ల ఒక పూట తినకపోయినా చక్కెర పడిపోయి ఫిట్ రావచ్చు. దవడ వదిలాక చిగుళ్లకి తేనె రాయండి, మింగగలిగాక తిండి పెట్టండి. ఈనిన రెండు మూడు వారాల తల్లి వణుకుతూ కాళ్లు బిగిస్తుంటే కాల్షియం తగ్గి ఉండొచ్చు. పిల్లల్ని పాలకి వదలకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. వానల తర్వాత ఇంట్లోకి ఎలుకలు చేరతాయి, ఎలుకల మందూ వస్తుంది. కుక్క జింక్ ఫాస్ఫైడ్ అనే ఎలుకల మందు తిన్నదని అనుమానమొస్తే తిండి పెట్టొద్దు, కడుపులో ఆమ్లంతో విషవాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. అది కక్కిన చోట కిటికీలు తీసి ఉంచండి. పొలం గుళికల మందు, కప్పని నోట కరవడం కూడా డాక్టరుకి చెప్పాల్సినవే.

ముసలి చిన్న కుక్క గెంతి, దగ్గి, మెత్తగా కూలబడి కొన్ని సెకన్లలో లేచి ఏమీ కానట్టు నడిస్తే అది గుండె జబ్బు కావచ్చు, మూర్ఛ మందు పనికిరాదు. రేబిస్ టీకా లేని కుక్కకి ఫిట్లు వస్తే చొంగ ముట్టుకోకండి. చేతి గాయానికి తగిలితే సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు మీరూ ఆస్పత్రికి వెళ్లాలి.