చెక్క నేల మీద పెంపుడు జంతువుల మరకలు – 3వ పాఠం: ఎండిపోయిన పాత మరక

పోయిన పాఠంలో తడి ఆరకముందే పాత బట్టతో అద్ది తీయడం నేర్చుకున్నాం. ఈసారి మన కంట పడకుండా ఎండిపోయిన మరక సంగతి.

మణికొండలో మా ఫ్లాట్‌లో ఎండాకాలమంతా ఏ వాసనా లేదు. తొలకరి వాన పడిన రాత్రి హాల్లోకి అడుగుపెట్టగానే గుప్పుమంది. పాపం, మా పిల్లి ఆ రోజు ఏ తప్పూ చేయలేదు. మూత్రంలోని యూరిక్ యాసిడ్ ఎండి, సన్నటి పలుకులుగా చెక్క సందుల్లో ఉండిపోతుంది. నీళ్లలో అది సరిగా కరగదు, అందుకే మామూలు తుడుపుకు లొంగదు. గాలిలో తేమ పెరిగితే చాలు, వాసన మళ్లీ లేస్తుంది.

ముందు చోటు పట్టుకోవాలి. రాత్రి లైట్లన్నీ ఆర్పి, యూవీ టార్చ్‌ని నేలకు దగ్గరగా పట్టి మెల్లగా నడవండి. మరక పసుపుపచ్చగా మెరుస్తుంది. సబ్బు చారలు కూడా మెరుస్తాయి కాబట్టి వంగి వాసన చూసి, ఆ తర్వాతే సుద్దముక్కతో చుట్టూ గీయండి.

ఇప్పుడు పెట్ షాపులో దొరికే ఎంజైమ్ క్లీనర్, అంటే ఆ యూరిక్ యాసిడ్‌ను విడగొట్టే ద్రవం. నేల మీద ఎప్పుడూ గుమ్మరించకండి. మన ఫ్లాట్లలో ఎక్కువగా ఉండే లామినేట్ లోపల ఉండేది నొక్కిన చెక్కపొడే. నీరు దిగితే అంచులు ఉబ్బుతాయి, ఇక మామూలు కావు. బట్టను క్లీనర్‌లో తడిపి, పిండి, మరక మీద పరచండి. ఆరిపోకుండా పైన ప్లాస్టిక్ కవర్ కప్పి, సీసా మీద రాసినంత సేపు ఉంచండి. పలకల సందులో పాత టూత్‌బ్రష్‌తో అద్దితే సరిపోతుంది. తర్వాత పొడిబట్టతో అద్ది, ఫ్యాన్ వేయండి. తొందరపడితే సగం పనే అవుతుంది.

అసలు టేకు నేల నల్లబడితే హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడొచ్చు. మెడికల్ షాపుల్లో ఇచ్చేది సాధారణంగా 6 శాతం. సీసా చూసుకుని సమంగా నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. పాలిష్ రంగు కూడా పోవచ్చు, మూల చోట చిన్న చుక్కతో పరీక్షించండి. ఎంజైమ్ పని పూర్తయి నేల ఆరాకే ఇది. రెండూ కలిపితే ఎంజైమ్ చెడిపోతుంది.

ఫినాయిల్ మాత్రం వద్దు. పిల్లులకు అది విషం, ఒళ్లు నాక్కున్నప్పుడు కడుపులోకి పోతుంది. బ్లీచింగ్ కూడా వద్దు, మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే గ్యాస్ వస్తుంది.

ఈ రాత్రి టార్చ్ పని ఒక్కటి చేసి పెట్టుకోండి. పెరాక్సైడ్‌కీ లొంగని నలుపును ఉప్పుకాగితంతో గీకి మళ్లీ పాలిష్ వేయడం 4వ పాఠంలో.