అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన వరంగల్ పిల్లలకు: హెచ్‌ఎస్‌ఏ ఖాతా ఖాళీగా పెట్టకండి

ఎస్‌ఎస్‌ఎన్ (సోషల్ సెక్యూరిటీ నంబర్), బ్యాంకు ఖాతా, లైసెన్సు సంగతి మీ రూమ్మేట్లు చెప్తారు. నేను చెప్పేది ఆరోగ్య బీమా ఎంచుకునే పేజీ గురించే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసువాళ్లు పంపుతారు, అందరూ రెండు నిమిషాల్లో టిక్కు పెట్టి మూసేస్తారు.

మొన్న పరకాల నుంచి వచ్చిన ఒక తమ్ముడు కడుపునొప్పితో రాత్రంతా మెలికలు తిరుగుతూ కూడా ఎమర్జెన్సీకి పోలేదు. ప్రీమియం తక్కువని హై డిడక్టిబుల్ ప్లాన్ (బీమా డబ్బు మొదలయ్యే ముందు మనం ఎక్కువ కట్టాల్సిన ప్లాన్) తీసుకున్నాడు. దానితో వచ్చే హెచ్‌ఎస్‌ఏలో (హెల్త్ సేవింగ్స్ అకౌంట్, వైద్యం ఖర్చుకు డబ్బు దాచుకునే ఖాతా) ఒక్క డాలరు వేయలేదు. జీతమంతా ఎడ్యుకేషన్ లోన్‌కు, ఇంటికి. తెల్లారి మేమే తీసుకుపోయాం. ఇప్పుడు బాగానే ఉన్నాడు, కానీ తలచుకుంటే నాకు ఇంకా కోపం వస్తుంది.

మన దగ్గర ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేయించుకుంటే డబ్బు ప్రభుత్వం నుంచి నేరుగా హాస్పిటల్‌కు పోతుంది. 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలకు పెంచారు కానీ అందులో రూపాయి కూడా రోగి చేతికి రాదు, రావాల్సిన పనీ లేదు. ఇక్కడ ఈ ప్లాన్‌లో అలా కాదు. డిడక్టిబుల్ నిండేదాకా ఖర్చు మీ జేబులోంచే. 2026లో ఒక్కరికైతే అది కనీసం 1,700 డాలర్లు, చాలా ప్లాన్లలో ఇంకా ఎక్కువ. ఆ ఖర్చు కోసమే 2003లో చట్టం చేసి హెచ్‌ఎస్‌ఏ తెచ్చారు. ఖాతా మీ పేరు మీద ఉంటుంది. ఏ డాక్టర్‌కు, ఎప్పుడు, ఎంత కట్టాలో మీరే చూసుకుంటారు. ఏడాది చివర మిగిలింది పోదు, కంపెనీ మారినా మీతోనే వస్తుంది. ఎఫ్‌ఎస్‌ఏ (ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ అకౌంట్, కంపెనీ ద్వారా నడిచే ఇంకో ఖాతా) వేరు, దాంట్లో మిగిలిన డబ్బు చాలావరకు పోతుంది, రెండూ కలిపి చూడకండి.

పెత్తనం మీ చేతికి ఇచ్చారు సరే, ఖాతాలో డబ్బు లేకపోతే ఆ పెత్తనంతో ఏం చేస్తారు? డాక్టర్ దగ్గరికి పోవాలా వద్దా అని నొప్పితో కూర్చుని లెక్కలు వేసుకోవడమే మిగులుతుంది. కాబట్టి తక్కువ ప్రీమియం వల్ల నెలకు ఎంత మిగులుతుందో అంతా హెచ్‌ఎస్‌ఏలో వేయండి. ఇది కనీసం. 2026లో ప్లాన్‌లో మీరొక్కరే ఉంటే 4,400 డాలర్లు, కుటుంబం కూడా ఉంటే 8,750 వరకు వేయొచ్చు, కంపెనీ వేసేదీ అందులోకే వస్తుంది. జీతంలోంచి కోయించుకుంటే ఫెడరల్ పన్ను పడదు, సోషల్ సెక్యూరిటీ (పెన్షన్ కోసం జీతంలో పట్టే పన్ను) కోత కూడా తగ్గుతుంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీలో మాత్రం రాష్ట్ర పన్ను ఉంటుంది. ఇంకోటి, ఖాతా తెరవకముందు అయిన ఖర్చు దీంట్లోంచి తీసుకోలేరు. అందుకని కొంచెమే వేసినా సరే, ముందు ఖాతా తెరవండి.

ఇంటికి ఎట్లా పంపాలి అంటారు. మొదటి కొన్ని నెలలు కాస్త తగ్గించి పంపండి, నాన్నకు ఫోన్ చేసి ఎందుకో చెప్పండి. అర్థం చేసుకుంటారు. అమ్మ మోకాలి ఆపరేషన్‌కు హనుమకొండ హాస్పిటల్లో హెచ్‌ఎస్‌ఏ కార్డు గీకుదామనుకుంటే మాత్రం కుదరదు. అక్కడుండే తల్లిదండ్రులు సాధారణంగా ఇక్కడి పన్ను లెక్కలో మీ డిపెండెంట్లు కారు. వైద్యానికి కాకుండా తీస్తే 65 ఏళ్లలోపు వాళ్లకు పన్నుతో పాటు 20 శాతం జరిమానా. సెలవులకు ఊరికి పోయి మీ పంటికే రూట్ కెనాల్ చేయించుకుంటే ఆ బిల్లు చెల్లుతుంది. ఊరి నుంచి మందులు తెప్పించుకుంటే చెల్లదు.

బిల్లుల సంగతి. నా మొదటి నెలల్లో ఒక్క జ్వరానికి డాక్టర్ బిల్లు, ల్యాబ్ బిల్లు, ఎక్స్‌రే చూసినాయన బిల్లు వేర్వేరు పేర్లతో వచ్చాయి. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే నిద్ర పట్టేది కాదు. బీమా కంపెనీ నుంచి ఎక్స్‌ప్లనేషన్ ఆఫ్ బెనిఫిట్స్ అనే కాగితం వస్తుంది, అది వచ్చేదాకా కట్టొద్దని ఆఫీసులో ఒక అక్క చెప్పింది. అందులో మీ వాటా ఎంతో రాసి ఉంటుంది. బిల్లు అంతకంటే ఎక్కువుంటే ఫోన్ చేసి అడగండి, దేనికెంతో విడివిడిగా రాసిన బిల్లు పంపమనండి. మొహమాటం వద్దు, డబ్బు మీది. రసీదులన్నీ దాచుకోండి, ఇప్పుడు చేతి డబ్బు కట్టినా తర్వాత ఎన్నేళ్లకైనా హెచ్‌ఎస్‌ఏలోంచి వెనక్కి తీసుకోవచ్చు.

ఇదంతా చదివి టెన్షన్ పడుతున్నారేమో, సరే, ఇవీ వినండి. ఏటా చేసే చెకప్, టీకాలు నెట్‌వర్క్ డాక్టర్ (మీ బీమా కంపెనీతో ఒప్పందం ఉన్నవాళ్లు) దగ్గరైతే డిడక్టిబుల్‌తో పనిలేకుండా ఉచితం. మెడికేర్ (ముఖ్యంగా పెద్దవయసు వాళ్లకు ప్రభుత్వ బీమా) తీసుకునే హాస్పిటల్ ఎమర్జెన్సీలో డబ్బు లేదని వెనక్కి పంపడానికి వీల్లేదు, 1986 నుంచి చట్టం ఉంది. నెట్‌వర్క్‌లో ఏడాదికి మీ జేబు ఖర్చుకు ప్లాన్‌లోనే పై హద్దు ఉంటుంది. బిల్లు పెద్దదైతే వాయిదాలు అడగొచ్చు, లాభాపేక్ష లేని హాస్పిటల్లో సహాయానికి దరఖాస్తూ పెట్టొచ్చు. ఉద్యోగం పోతే కోబ్రా (పాత కంపెనీ బీమానే కొన్నాళ్లు కొనసాగించుకోవడం) ప్రీమియం కూడా హెచ్‌ఎస్‌ఏలోంచే కట్టొచ్చు.

ఇప్పటికే టిక్కు పెట్టేశామంటారా? ప్లాన్ మామూలుగా ఏడాది మధ్యలో మార్చనివ్వరు. హెచ్‌ఎస్‌ఏలో ఎంత వేయాలన్నది మాత్రం ఏ నెలకానెల మార్చుకోవచ్చు. వచ్చే జీతం పడేలోపు హెచ్‌ఆర్ పోర్టల్‌లోకి పోయి మార్చండి తమ్మీ.