గిరి ప్రదక్షిణకి ముందు మోకాళ్ళ సంగతి చూసుకోండి

ఆషాఢ పౌర్ణమి ముందు రోజు సింహాచలం అప్పన్న కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలని విశాఖలో చాలామందికి ఉంటుంది, కానీ ఏడాదంతా రైతు బజారుకి కూడా బండి మీదే వెళ్ళి ఆ ఒక్క రాత్రి కాళ్ళని నమ్ముకుంటే మోకాళ్ళు మొరాయిస్తాయి. కనీసం నెల ముందు నుంచే రోజూ నడవండి, రెండు మూడు కిలోమీటర్లతో మొదలుపెట్టి వారం వారం పెంచండి.

నడకతో పాటు తొడ కండరం గట్టిపడాలి, మోకాలిని కాసేది అదే. మంచం మీద కాళ్ళు చాపుకుని, మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, దాన్ని కిందికి నొక్కుతూ తొడ బిగించి అయిదు లెక్కపెట్టి వదలండి. ఒక్కో కాలికి పదిసార్లు, రెండు పూటలా. టీవీ చూస్తూ చేసినా పర్లేదు.

అందరి నొప్పీ ఒకటి కాదు. వయసు మళ్ళాక మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు వచ్చేది ఎక్కువగా అరుగుదలే, గుజ్జు అరిగిందంటారే, అది. దానికి వ్యాయామం, బరువు తగ్గడం, ఫిజియోథెరపీ ముందు, ఆపరేషన్ మాట చివర్లో. పొద్దున్నే రెండు చేతుల వేళ్ళూ అరగంట దాటినా బిగుసుకుపోయి ఉంటే కీళ్ళవాతం కావచ్చు, రక్త పరీక్ష చేయించుకోండి. మోకాలు వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే మొక్కు పక్కన పెట్టి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

నొప్పి రాకుండా ముందే డైక్లోఫినాక్ వేసుకుని బయల్దేరేవాళ్ళున్నారు, నాకైతే అదే పెద్ద టెన్షన్. చెమటకి ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆ మాత్ర కిడ్నీల మీద పడుతుంది, పైగా నొప్పి తెలియక మోకాలు ఇంకా నలుగుతుంది. బీపీ, కిడ్నీ, అల్సర్ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. షుగర్ వల్ల అరికాళ్ళు తిమ్మిరెక్కేవాళ్ళు ఉత్త కాళ్ళతో నడవొద్దు, బూట్లు వేసుకున్నారని స్వామి ఏమీ అనుకోడు.

హనుమంతవాక దాటి జోడుగుళ్ళపాలెం తీరానికి వెళ్ళే దారిలో, దిగుడు వచ్చిన చోట కుర్రాళ్ళు పరుగులు పెడతారు. మోకాలి చిప్ప మీద ఒత్తిడి ఎక్కువయ్యేది దిగుడులోనే, చిన్న అడుగులు వేయండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసి చాపడానికి రాకపోయినా అక్కడే ఆగి ఆటో ఎక్కేయండి.

ఇంటికొచ్చాక వాపుంటే ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టండి, మొదటి రెండు రోజులూ వేడి కాపడం, గట్టి మాలిష్ వద్దు. అప్పటికీ వాపు తగ్గకపోతే ఆర్థో డాక్టర్‌కి చూపించండి. అసలు కాలు మోపలేకపోతే మాత్రం రెండు రోజులు ఆగకండి.