వానలకి ముందు ద్వారబంధం చుట్టూ సందులు పూడుస్తున్నారా, ఇవి చూస్కోండి

జూన్ వచ్చిందంటే వానలు ఏ రోజైనా మొదలవుతాయి కాబట్టి గుమ్మం పక్కన పెచ్చులూడిన ప్లాస్టరింగు, ద్వారబంధానికీ గోడకీ మధ్య పడిన సందులు ఉంటే మే నెలలోనే పని పెట్టుకోండి, సిమెంట్ పెట్టాక వారం రోజులు తడపాలి, తర్వాత బాగా ఆరాలి, అప్పుడే రంగు. వానల్లో మొదలుపెడితే గోడ ఆరదు, రంగు నిలవదు.

ఆ సందుల్లోంచి వచ్చేది నీళ్లొక్కటే కాదండీ, నేలలో కన్నాలు నీళ్లతో నిండగానే తేళ్లు, జెర్రులు పొడి చోటు వెతుక్కుంటూ అక్కడే దూరతాయి. అందుకని సందులో వేలు పెట్టి మట్టి గీకడం అస్సలు వద్దు, ముందు టార్చి వేసి చూడండి, తర్వాత పొడుగు స్క్రూడ్రైవర్‌తో కదపండి, కాళ్లకి చెప్పులు కాదు బూట్లు వేసుకోండి. తేలు కుడితే మంత్రమనీ ఆకు పసరనీ టైం పోగొట్టుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి, ఎర్రతేలు విషం గుండె మీద పనిచేస్తుంది, చిన్నపిల్లలకైతే ప్రాణం మీదకే వస్తుంది, వెంటనే 108కి ఫోన్ చెయ్యండి.

కరెంట్ సంగతి ఎక్కువమంది పట్టించుకోరు. మన ఇళ్లలో స్విచ్‌బోర్డు దాదాపు ఎప్పుడూ తలుపు పక్కనే ఉంటుంది, దాని వైర్ల పైపు మీరు ఉలి పెట్టి కొట్టబోయే ఆ ప్లాస్టరింగు లోపలే పైకి పోతుంది, కాలింగ్ బెల్ వైరు కూడా అక్కడే. గదిలో స్విచ్చి ఆపితే సరిపోదు, మెయిన్ ఆపాలి, ఇన్వర్టర్ ఉన్నవాళ్లు అది కూడా ఆపాలి, మెయిన్ ఆపాక కూడా ఇన్వర్టర్ లైన్లో కరెంట్ వస్తూనే ఉంటుంది. తర్వాత గోడ తడిపే రోజుల్లో బోర్డుకి ప్లాస్టిక్ కవర్ చుట్టి టేపు వేసి ఉంచండి.

కొట్టేటప్పుడు రక్షణ కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి, గుడ్డ కట్టుకుంటే ఆ సన్న దుమ్ము ఆగదు, ఎన్95 అయితే మంచిది. పాత ఇళ్ల ద్వారబంధాలకి ఎన్ని పొరల రంగు ఉంటుందో మనకి తెలీదు, రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదనే రూలు 2017 నవంబర్ నుంచే అమల్లోకి వచ్చింది, అంతకు ముందు వేసిన ఎనామెల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. కాబట్టి పొడిగా రుద్దకుండా తడిపి గీకండి, పిల్లల్నీ గర్భిణుల్నీ ఆ పూటకి దూరంగా ఉంచండి.

ఇప్పుడు గోడ. తాపీ పిడితో చుట్టూ తట్టుకుంటూ వెళ్తే గుల్ల మోత వచ్చిన చోటల్లా ప్లాస్టరింగు ఇటుకని వదిలేసిందని అర్థం, అదంతా తీసేయాల్సిందే, దాని మీద కొత్తది వేస్తే రెండూ కలిసి ఊడతాయి. తలుపు పై మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు ఉండి, అది ఏడాదికేడాది పెద్దదవుతుంటే మాత్రం పూడ్చి రంగేసి దాచేయొద్దు, పునాది కుంగడం వల్లో లింటల్ (తలుపు పైన అడ్డంగా ఉండే దూలం) బలహీనపడడం వల్లో అలా రావచ్చు, ముందు ఇంజనీర్‌కి చూపించండి. ద్వారబంధాన్ని చేత్తో నెడితే ఊగుతున్నా అంతే, లోపల హోల్డ్‌ఫాస్ట్, అంటే ద్వారబంధాన్ని గోడకి పట్టి ఉంచే ఇనప పట్టీ, ఊడిందన్నమాట, అది బిగించకుండా పైన ఎంత సిమెంట్ పెట్టినా తలుపు నాలుగుసార్లు గట్టిగా పడితే మళ్లీ చీలిపోతుంది.

ఇక నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదీ. మే ఎండలకి చెక్క బాగా ఎండి కుదించుకుపోయి ఉంటుంది, అంటే సందు అప్పుడే అన్నిటికన్నా వెడల్పుగా కనిపిస్తుంది, మేస్త్రి ఆ సందు నిండా సిమెంట్ కూరి నున్నగా చేసి వెళ్తాడు, ఆగస్టుకి చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, దానికి చోటు లేక ప్లాస్టరింగుని నెట్టి పగలగొడుతుంది లేదా తలుపు పట్టేస్తుంది, మళ్లీ వేసవికి చెక్క కుదించుకుని అదే సందు. కాబట్టి వెనక లోతుగా ఉన్న చోటే సిమెంట్, చెక్కని ఆనుకున్న చివర సన్నటి గాడి వదిలించి, సిమెంట్ పూర్తిగా ఆరాక అందులో సాగే రకం సీలెంట్ (సందులు మూసే మెత్తటి పేస్టు) పెట్టండి, రంగు వెయ్యాలనుకుంటే అక్రిలిక్ తీసుకోండి, సిలికాన్ మీద రంగు పట్టదు. పీయూ ఫోమ్ (సందులోకి కొడితే ఉబ్బి గట్టిపడే నురుగు) తేలికే కానీ ఒకేసారి నిండా కొట్టొద్దు, ఉబ్బి ద్వారబంధాన్ని లోపలికి వంచేస్తుంది, ఎండ తగిలితే పొడైపోతుంది కూడా, పైన ఏదో ఒకటి కప్పాలి. బయటి వైపు పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) వాడొద్దు, నీళ్లకి మెత్తబడిపోతుంది.

సిమెంట్ ఒకటికి జల్లించిన ఇసుక నాలుగు, అరగంటలో వాడేంత మాత్రమే కలపండి, గట్టిపడ్డాక నీళ్లు పోసి మళ్లీ కలిపితే బలం ఉండదు. పాత గోడని ముందే తడపకపోతే కొత్త సిమెంట్‌లో నీళ్లన్నీ అదే లాగేసుకుంటుంది. రబ్బరు గ్లవ్స్ వేసుకోండి, తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే నలపకుండా మంచి నీళ్లతో చాలాసేపు కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎండ ఎక్కకముందే పని ముగించి, తడి గోనెపట్టా వేలాడదీసి ఉంచితే చీలదు.

ద్వారబంధం అడుగు కూడా మర్చిపోవద్దు. వారం వారం గడప కడిగి పసుపు రాస్తాం, ఆ నీళ్లన్నీ పక్కల నిలువు చెక్కల అడుక్కే పోతాయి, కుళ్లూ చెదలూ మొదలయ్యేది అక్కడే. స్క్రూడ్రైవర్ కొన మెత్తగా దిగిపోతే సిమెంట్ పని ఆపేసి ముందు వడ్రంగిని పిలిచి ఆ ముక్క మార్పించండి, చెదల మట్టి గీతలు కనిపిస్తే మందు కొట్టించాకే సందులు మూయించండి.