చర్నాకోల పిడి గుబ్బ జారకుండా

ఒంగోలు పక్కన గిత్తలు తోలేవాళ్ల చర్నాకోలల్లో ముందు పాడయ్యేది పిడి చివరి గుబ్బే. కింద దారం చుట్టలే పెడితే ఆర్నెల్లకు అణిగి, పైనల్లిన ముడి గిరగిరా తిరుగుతుంది.

దారం బదులు తోలు పట్టీ చుట్టండి. పిడి మందం 2 సెం.మీ. అయితే, తంగేడు బెరడుతో పదును చేసిన 2 మి.మీ. తోలు, వెడల్పు 2, పొడవు 18 సెం.మీ. సరిపోతుంది. రెండు కొసలూ 3 సెం.మీ. మేర కాగితంలా పలచగా గీకాలి. ఈ పని బద్ధకిస్తే గుబ్బ ఒకవైపు ఉబ్బుతుంది. పది నిమిషాలు నానబెట్టి, లాగి రెండు చుట్లు చుట్టి, మైనం దారంతో అడ్డదిడ్డంగా బిగించి, అంచులు సుత్తితో గుండ్రంగా తట్టి, రాత్రంతా నీడన ఆరనివ్వాలి. సీల వద్దు, ఇనుపదైతే తడి తోలు నల్లబడుతుంది.

ఆరాకే 3 మి.మీ. తోలు వారుతో పై ముడి అల్లండి. ఒకేసారి బిగించకుండా, ఆరెతో (తోలు కుట్టేవాళ్ల మొనదేలిన పనిముట్టు) ఒక్కో మలుపు వదులు లాగుతూ మూడు విడతల్లో బిగించి, రెండు చెక్కల మధ్య దొర్లించండి.

చెప్పుల దుకాణాల్లో దొరికే క్రోమ్ తోలుతో (క్రోమియం లవణాలతో పదును చేసినది) ఇది కుదరదు. తడిపి కట్టినా గట్టిపడదు, మెత్తగానే ఉంటుంది. కోసిన అంచు నీలిబూడిద రంగులో కనిపిస్తే అదే.