డేటా తెరవకముందే: మందుల అధ్యయనానికి జాగ్రత్తలు

ఆసుపత్రి, బీమా రికార్డులతో ఒక మందు మంచిచెడ్డలు తేల్చబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి.

– మందు కొత్తగా మొదలుపెట్టినవాళ్లనే తీసుకోండి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మెనోపాజ్ తర్వాత హార్మోన్లు గుండెను కాపాడతాయని పరిశీలన అధ్యయనాలు (ఎవరికి ఏ మందో తాము నిర్ణయించకుండా, వాడినవారిని గమనించేవి) నమ్మించాయి. 16,608 మంది మహిళలతో అమెరికాలో జరిగిన ట్రయల్ (లాటరీ పద్ధతిలో కొందరికి హార్మోన్లు, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూసిన పరీక్ష) 2002లో అందుకు భిన్నంగా తేల్చింది. ఏళ్లుగా వాడుతున్నవారినే లెక్కిస్తే, తొలినాళ్లలోనే జబ్బుపడి మానేసినవాళ్లు మన కంటికే ఆనరు.

– పోలిక ఏ మందూ వాడనివారితో వద్దు. అదే జబ్బుకు వేరే మందు మొదలుపెట్టినవారితో పోల్చండి.

– లెక్క మొదటి మందుల చీటీ రాసిన రోజు నుంచే. అంతకుముందు బతికిన కాలాన్ని మందు ఖాతాలో వేస్తే, లేని మేలు ఉన్నట్టు కనిపిస్తుంది.

– పొగతాగడం, బరువు వంటివి బీమా బిల్లుల్లో తరచూ ఉండవు; వాటి ప్రభావాన్ని మందుదని పొరబడకండి.

– విశ్లేషణ ప్రణాళిక ముందే రాసి, తేదీ వేయండి.