హబుల్ డబ్ల్యూఎఫ్‌సీ3లో మసక టార్గెట్ చార్జ్ దారిలో పోకుండా చూసుకోవడం ఎలా

హబుల్ టెలిస్కోప్‌లోని డబ్ల్యూఎఫ్‌సీ3 కెమెరాలో యూవిస్ (యూవీనీ, కంటికి కనిపించే వెలుగునీ పట్టే భాగం) కోసం ప్రపోజల్ రాస్తున్నవాళ్లు, ఆర్కైవ్‌లోంచి ఆ ఇమేజ్‌లు దింపుకుని ఫోటోమెట్రీ, అంటే వెలుగు కొలవడం, చేస్తున్నవాళ్లు చదవండి. ఫొటో తీసేముందు చేయాల్సింది చేయకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా కాపాడదు.

సీసీడీని, అంటే వెలుగుని ఎలక్ట్రాన్లుగా మార్చి పట్టే చిప్‌ని, రీడ్ చేయడమంటే పిక్సెల్స్‌లో పోగైన ఎలక్ట్రాన్లని ఒక్కో వరసా జరుపుకుంటూ మూలనున్న ఆంప్లిఫయర్ దాకా తీసుకెళ్లడమే. యూవిస్‌లో రెండు చిప్‌లు, ఒక్కోదానికి 2051 వరసలు, కాబట్టి రెండు చిప్‌ల మధ్య గ్యాప్ పక్కన పడ్డ నక్షత్రం 2000 సార్లు జరగాలి. ఒక్కో జరుగుడుకి 0.99999 వంతు నిలిస్తే చివరికి 98 శాతం చేరుతుంది, 0.9999 అయితే 82 శాతమే, చూడ్డానికి ఒక్క 9 తేడా అంతే! 2009 మేలో కెమెరా అమర్చినప్పటి నుంచీ ప్రోటాన్లు తగిలి తగిలి సిలికాన్‌లో ట్రాప్‌లు ఏర్పడుతూనే ఉన్నాయి, అవి ఎలక్ట్రాన్లని పట్టుకుని కాసేపయ్యాక వదుల్తాయి, అదే నక్షత్రం వెనకాల తోకలా కనిపిస్తుంది. నెలనెలా చిప్‌ని వేడి చేసి అనీల్ చేస్తారు గానీ దాంతో హాట్ పిక్సెల్సే (వెలుగు పడకపోయినా మెరిసేవి) తగ్గుతాయి, ఈ నష్టం తగ్గదు.

మొదట చూడాల్సింది టార్గెట్ ఎక్కడ పెడుతున్నాం అని. ఒక్క నక్షత్రమో చిన్న గెలాక్సీనో అయితే చిప్ మధ్యలో పెట్టే అలవాటు మానేయండి, సి అనే ఆంప్లిఫయర్ ఉన్న మూలన 512, 1కే (1024) పిక్సెల్స్ సైజులో సీటీఈ (చార్జ్ ఎంత బాగా జరుగుతుందో చెప్పే కొలత) అని పేరు చివర ఉన్న అపర్చర్లు, అంటే టార్గెట్ పెట్టే చోట్లు, ఇందుకే ఉన్నాయి, అక్కడ పెడితే 2000 జరుగుళ్లు కాస్తా కొన్ని వందలవుతాయి. క్లస్టర్ లాగా ఫ్రేమంతా పరుచుకున్నదైతే ఈ దారి లేదు.

అసలు సంగతి బ్యాక్‌గ్రౌండ్‌లో ఉంది. ఎండిన పంట కాలువలో కాసిని నీళ్లు వదిలితే చివరి మడికి చుక్క కూడా చేరదు, కాలువ ముందే తడిసుంటే చేరతాయి, ఇక్కడా అంతే, ట్రాప్‌లు ముందే నిండుంటే మన నక్షత్రం ఎలక్ట్రాన్ల జోలికి రావు. పొడవాటి బ్రాడ్‌బ్యాండ్ (వెడల్పాటి రంగు పట్టీని వదిలే ఫిల్టర్) ఎక్స్‌పోజర్‌కి ఆకాశం వెలుగే ఆ పని చాలావరకు చేసిపెడుతుంది, యూవీ, న్యారోబ్యాండ్ (సన్నని పట్టీనే వదిలే) ఫిల్టర్లకి ఆకాశం దాదాపు నల్లగా ఉంటుంది కాబట్టి దెబ్బంతా వాటికే. ఎక్స్‌పోజర్ టైమ్ కాలిక్యులేటర్‌లో ఒక్కో ఎక్స్‌పోజర్‌కి ఆకాశం, డార్క్ (వెలుగు లేకున్నా చిప్‌లో పుట్టే ఎలక్ట్రాన్లు) కలిపి పిక్సెల్‌కి ఎన్ని ఎలక్ట్రాన్లు వస్తాయో చూడండి, మొత్తం టైముకి కాదు, ఒక్కోదానికి, ఇక్కడే చాలామంది తప్పులో కాలేస్తారు. ఇదివరకు 12 ఉంటే చాలనేవాళ్లు, డ్యామేజ్ పెరిగాక ఇప్పుడు 20 అంటున్నారు. 7 వస్తుంటే మిగతా 13 పోస్ట్‌ఫ్లాష్‌తో, అంటే కెమెరాలోని ఎల్ఈడీతో నింపమని ఏపీటీలో (ప్రపోజల్ నింపే సాఫ్ట్‌వేర్) ఫ్లాష్ దగ్గర రాయాలి.

ఫ్లాష్ ఊరికే రాదు, డేటాని శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ పైప్‌లైన్ దాన్ని తీసేసినా దాని నాయిస్ ఉండిపోతుంది. రీడ్ నాయిస్ (చిప్‌ని చదివేటప్పుడు కలిసేది) 3 చిల్లర, 20 ఎలక్ట్రాన్ల బ్యాక్‌గ్రౌండ్‌కి నాయిస్ నాలుగున్నర, రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే ఐదున్నర దాకా పోతుంది. అయినా మసక టార్గెట్‌కి ఇదే మేలని నా ఉద్దేశం, నాయిస్ ఎంతో లెక్క తెలుసు, ట్రాప్‌లో పోయినదానికి లెక్కే లేదు. టైముని మరీ చిన్న ముక్కలుగా కోయకండి, ముక్క చిన్నదైతే బ్యాక్‌గ్రౌండూ తగ్గుతుంది, కాస్మిక్ రేలు తీసేయడానికి, డిథర్‌కి (ఒక్కో ఫొటోకీ టెలిస్కోప్‌ని కాస్త జరపడం) ఎన్ని కావాలో అన్నే చాలు.

డేటా వచ్చాక ఎఫ్‌ఎల్‌టీ (ఈ నష్టం సరిచేయనివి) కాకుండా ఎఫ్‌ఎల్‌సీ (సరిచేసినవి) ఫైల్స్ వాడండి, ఎక్స్‌పోజర్లు కలిపినవైతే డీఆర్‌సీ. వాటిలో చేసేది పిక్సెల్ స్థాయి కరెక్షన్, 2010లో జే ఆండర్సన్, లుయిజీ బెడిన్ హబుల్‌లోనే ఉన్న మరో కెమెరా ఏసీఎస్ కోసం చేసిన పద్ధతి దీనికి మూలం, తోకలోని చార్జ్‌ని లెక్కగట్టి వెనక్కి పెడుతుంది. తోక కూడా నాయిస్‌లో మునిగిపోయిన నక్షత్రాన్ని మాత్రం తేలేదు. (జేమ్స్ వెబ్ వాళ్లకి ఈ గోల లేదు, ఆ ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్లలో చార్జ్ జరగదు, ఏ పిక్సెల్‌ది ఆ పిక్సెల్‌లోనే చదువుతారు.)

సరిపోయిందో లేదో చూడాలంటే ఒకే ఫీల్డ్ పొట్టి, పొడవు ఎక్స్‌పోజర్లు తీసుకుని నక్షత్రాల మ్యాగ్నిట్యూడ్ (వెలుగు కొలత) తేడాని వరస నంబర్‌కి ప్లాట్ చేయండి, ఆంప్లిఫయర్‌కి దూరమయ్యేకొద్దీ గీత వాలుతుంటే ఇంకా నష్టం మిగిలే ఉంది, ఆ దూరపు నక్షత్రాల మసకవాటికి ఎర్రర్ బార్ పెంచుకోవాల్సిందే.